బాంబు దొరికిన చోటుకు ముందు వచ్చేది ఎవరు? సూరత్ కేసులు, సైనిక ప్రధాన కార్యాలయం పాత్ర

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో సుమారు 70 నిమిషాల వ్యవధిలో 21 బాంబులు పేలాయి. 56 మంది చనిపోయారు. 200 మందికి పైగా గాయపడ్డారు. క్షతగాత్రులను తీసుకెళ్లిన ఆసుపత్రులనూ వదల్లేదు. అంతకు ముందు రోజే బెంగళూరులో వరుస పేలుళ్లు జరిగాయి. ఆ మర్నాటి నుంచి దేశం చూపు సూరత్ మీదికి మళ్లింది. అక్కడ మొదట పేలుడు పదార్థాలున్న కార్లు బయటపడ్డాయి. తర్వాత ఒక్కొక్కటిగా బాంబులు దొరకడం మొదలైంది. జులై 29న ఒక్కరోజే 18 దొరికాయి. మొత్తం లెక్క 29కి చేరింది. చెట్ల కొమ్మలకు, హోర్డింగుల వెనక, ఫ్లైఓవర్ల దగ్గర, జనం కిక్కిరిసి తిరిగే కూడళ్లలో వాటిని అమర్చారు. ఎక్కువ భాగం వజ్రాల పనివాళ్లు ఉండే వరాఛా ప్రాంతంలోనే.

ఒక్కటీ పేలలేదు. సర్క్యూట్లలో లోపం వల్లే సూరత్ బతికిపోయిందని దర్యాప్తు అధికారులు చెప్పారు. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి గుండా వెళ్తాయంటారు. ఆ వారం వజ్రాల బజార్లు మూతపడ్డాయి, బళ్లు మూతపడ్డాయి. చెట్టు మీద ఏదైనా సంచి వేలాడుతూ కనిపిస్తే చాలు, పోలీసులకు ఫోన్లు వెళ్లేవి.

ఉగ్రదాడి జరిగిన ప్రతిసారీ టీవీ చర్చల్లో వినిపించే మొదటి మాట 'సైన్యాన్ని దించండి' అనేదే. సౌత్ బ్లాక్‌లో ఏం ఆలోచిస్తున్నారు, త్రివిధ దళాధిపతులు ఎవరిని కలిశారు అన్నదే పతాక శీర్షిక అవుతుంది. సూరత్‌లో 1993 నుంచి నడిచిన కేసులు చూస్తే మాత్రం ఊరిని కాపాడే పనిలో సైనిక ప్రధాన కార్యాలయానికి ఉన్న చోటు చాలా చిన్నదని అర్థమవుతుంది. దాని పెద్ద పాత్ర సరిహద్దు అవతల మొదలవుతుంది. ఈ రెండింటినీ కలిపేస్తే రెండు చోట్లా నష్టమే.

పిలిస్తేనే రావాలి

పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. పౌర అధికారానికి తోడుగా సాయుధ బలగాలను పంపే అధికారం కేంద్ర జాబితాలోని 2ఎ పద్దు కింద ఉంది. 1976లో 42వ సవరణ దాన్ని చేర్చింది. 'తోడుగా' అన్న మాటే ఇక్కడ కీలకం. సైన్యం తనంతట తాను ఊళ్లోకి వచ్చి శాంతిభద్రతలు చేపట్టదు. రాష్ట్ర ప్రభుత్వమో, జిల్లా మేజిస్ట్రేటో అడగాలి. అల్లరి మూకను చెదరగొట్టాల్సి వస్తే మేజిస్ట్రేటు సైన్యాన్ని కోరే పద్ధతి పాత నేర విచారణ స్మృతి 130వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 149వ సెక్షన్ అయింది. మేజిస్ట్రేటును సంప్రదించడానికి వీలు లేని అత్యవసర స్థితిలో కమిషన్డ్ అధికారి సొంతంగా కదలొచ్చు. వీలు చిక్కగానే మేజిస్ట్రేటు చెప్పినట్టు నడుచుకోవాలి.

2008లో అహ్మదాబాద్‌లో జరిగింది దాదాపు ఇదే. పేలుళ్ల మర్నాడు సైన్యం వీధుల్లో కవాతు చేసింది. 2002 అల్లర్లు చూసిన నగరంలో మళ్లీ మత ఘర్షణలు రేగకుండా ధైర్యం చెప్పడం దాని ఉద్దేశం. అది బాంబులు వెతికే పని కాదు. సూరత్‌లో ఆ వెతుకులాట పోలీసు స్టేషన్ల మీద, బాంబు నిర్వీర్య బృందాల మీద, అన్నిటికంటే ముందు అనుమానం వచ్చి ఫోన్ చేసిన మామూలు జనం మీద నడిచింది. ఢిల్లీలోని ఏ కార్యాలయానికైనా వరాఛాలో ఏ చెట్టు మీద నిన్న లేని సంచి ఇవాళ ఉందో ఎలా తెలుస్తుంది? చాయ్ బండి నడిపేవాడికి తెలుస్తుంది, బీటు కానిస్టేబుల్‌కు తెలుస్తుంది.

కమాండోలు ఎవరి కింద ఉంటారు

చాలామందిలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. నల్లదుస్తుల ఎన్‌ఎస్‌జీ కమాండోలు సైన్యంలో భాగమనుకుంటారు. 1984లో ఏర్పడి, 1986 చట్టంతో స్థిరపడిన నేషనల్ సెక్యూరిటీ గార్డ్ కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. దాడికి దిగే స్పెషల్ యాక్షన్ గ్రూపులో ఉండేవారు సైన్యం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన జవాన్లు, అధికారులు. మనుషులను ఇచ్చేది సైన్యం, ఆదేశం ఇచ్చేది హోంశాఖ. పేలుడు పదార్థాల సమాచారాన్ని దేశవ్యాప్తంగా క్రోడీకరించే నేషనల్ బాంబ్ డేటా సెంటర్ కూడా హరియాణాలోని మానేసర్‌లో ఎన్‌ఎస్‌జీ కిందే ఉంది.

గుజరాత్‌కు ఈ ఏర్పాటు 2002 సెప్టెంబర్ 24న అనుభవంలోకి వచ్చింది. గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయంలోకి సాయంత్రం ఇద్దరు సాయుధులు చొరబడ్డారు. ఢిల్లీ నుంచి ఎన్‌ఎస్‌జీ రావాలి. ఆపరేషన్ మర్నాడు ఉదయానికి గానీ ముగియలేదు. ముప్ఫై మందికి పైగా చనిపోయారు. ఆరేళ్ల తర్వాత, సూరత్ బాంబులు దొరికిన నాలుగు నెలలకు ముంబయిలో అదే దూరం మళ్లీ ప్రాణాలు తీసింది. 2008 నవంబర్ 26 రాత్రి దాడి మొదలైతే, నౌకాదళ మెరైన్ కమాండోలు ముందుగా హోటళ్లలోకి వెళ్లారు. ఎన్‌ఎస్‌జీ తెల్లవారాక గానీ రంగంలోకి దిగలేదు. దాన్ని మోసుకెళ్లాల్సిన ఐఎల్-76 విమానం చండీగఢ్‌లో ఉండడం ఆలస్యానికి ఒక కారణం. 166 మంది చనిపోయారు. దాడి చేసినవాళ్లు సముద్రంలో ఎక్కింది గుజరాత్‌కు చెందిన 'కుబేర్' అనే చేపల పడవ.

ఆ తర్వాత 2009లో ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్‌లోనూ ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రం పెట్టారు. గాంధీనగర్‌కు అది ఇంకొన్నేళ్లకు వచ్చింది. అదే ఏడాది సముద్ర భద్రత మొత్తానికి నౌకాదళాన్ని బాధ్యురాలిని చేశారు. ముంబయి, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లతో పాటు విశాఖపట్నంలో ఉమ్మడి ఆపరేషన్ల కేంద్రాలు వెలిశాయి. తీర జలాలు కోస్ట్ గార్డుకు, ఒడ్డుకు దగ్గరి నీళ్లు మెరైన్ పోలీసులకు వచ్చాయి. సూరత్‌కు ఆనుకుని హజీరా రేవు, పెట్రోకెమికల్ కర్మాగారాలు ఉన్నాయి కాబట్టి ఈ నిర్ణయం ఆ ఊరికి ముఖ్యమైనది. సైనిక ప్రధాన కార్యాలయాలు దేశం లోపలి భద్రతలో నేరుగా, ఎవరూ పిలవకుండానే బాధ్యత మోస్తున్న కొద్ది రంగాల్లో ఇదొకటి.

సరిహద్దు అవతల

సూరత్ పేరు సైనిక ప్రధాన కార్యాలయంతో నేరుగా ముడిపడింది 2025లో. ఏప్రిల్ 22న పహల్గామ్‌లోని బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. వారిలో సూరత్ వాసి ఒకరు. భావ్‌నగర్‌కు చెందిన తండ్రీకొడుకులు, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు కూడా ఉన్నారు. సూరత్‌లో అంత్యక్రియల వేళ మృతుడి భార్య కేంద్ర మంత్రి సి.ఆర్. పాటిల్‌ను అందరి ముందూ నిలదీశారు. అంతమంది పర్యాటకులు వచ్చే చోట ఒక సైనికుడు, ఒక పోలీసు ఎందుకు లేరన్నది ఆమె ప్రశ్న.

మే 6–7 రాత్రి భారత్ పాకిస్థాన్‌లోనూ, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది చోట్ల దాడి చేసింది. బహావల్‌పూర్, మురీద్కే వాటిలో ఉన్నాయి. ఆపరేషన్ సిందూర్ వివరాలను ఢిల్లీలో సైన్యం, వైమానిక దళం నుంచి ఇద్దరు మహిళా అధికారులు చెప్పారు. మే 10 మధ్యాహ్నం 3.35కు పాకిస్థాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ నుంచి ఢిల్లీలోని డీజీఎంఓకు ఫోన్ వచ్చింది. సాయంత్రం 5 నుంచి కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ఇదీ ప్రధాన కార్యాలయం అసలు పని. లక్ష్యాలు ఎంచడం, మూడు దళాలను ఒక తాటి మీద నడపడం, ఎక్కడ ఆపాలో అవతలివాడితో మాట్లాడడం. 2001లో ఏర్పడ్డ ఇంటిగ్రేటెడ్ డిఫెన్స్ స్టాఫ్, 2020 జనవరిలో మొదలైన త్రివిధ దళాధిపతి పదవి ఈ సమన్వయం కోసమే వచ్చాయి.

ఉడీ దాడి తర్వాత 2016 సెప్టెంబర్ 29న నియంత్రణ రేఖ దాటి చేసిన దాడుల సంగతి ప్రకటించింది డీజీఎంఓనే. పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయాక 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి గురించి చెప్పింది మాత్రం విదేశాంగ కార్యదర్శి. ఎవరు ప్రకటిస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎదుటి దేశం దాన్నుంచే ఇది యుద్ధ సూచనో, హెచ్చరికో చదువుకుంటుంది.

అయితే పహల్గామ్ హంతకుల సంగతి ఇక్కడితో ముగియలేదు. కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. జులై 28న శ్రీనగర్ సమీపంలోని దాచిగామ్ అడవుల్లో ముగ్గురిని సైన్యం, సీఆర్‌పీఎఫ్, జమ్మూ కశ్మీర్ పోలీసులు కలిసి మట్టుపెట్టారు. బైసరన్‌లో దొరికిన తూటాల గుల్లలను వాళ్ల తుపాకులతో చండీగఢ్ ప్రయోగశాలలో పోల్చి చూశారని, ఆశ్రయం ఇచ్చినవాళ్లు శవాలను గుర్తుపట్టారని హోంమంత్రి మర్నాడు లోక్‌సభలో చెప్పారు. క్షిపణులతో తేలే విషయం కాదది. గుల్లలు ఏరి, కవర్లలో భద్రపరిచిన వాళ్ల పని.

రావల్పిండి సంగతి

ఉగ్రవాదం, సైనిక ప్రధాన కార్యాలయం అన్న రెండు మాటలు పక్కపక్కన వస్తే దక్షిణాసియాలో ముందు గుర్తొచ్చేది రావల్పిండిలోని జీహెచ్‌క్యూ. ముంబయి దాడులకు రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ 2011లో షికాగో కోర్టులో సాక్ష్యమిస్తూ ఐఎస్‌ఐకి చెందిన 'మేజర్ ఇక్బాల్' తనను నడిపించాడని చెప్పాడు. ప్రభుత్వ సంస్థలకు సంబంధం లేదన్నది పాకిస్థాన్ వాదన. పహల్గామ్ విషయంలోనూ అదే మాట.

అదే జీహెచ్‌క్యూ మీద 2009 అక్టోబర్ 10న పాకిస్థానీ తాలిబన్లు దాడి చేశారు. సైనిక దుస్తుల్లో, సైనిక బండిలాంటి వ్యానులో వచ్చారు. లోపల పదుల సంఖ్యలో మనుషులను బందీలుగా పట్టుకున్నారు. కమాండోలు మర్నాడు గానీ విడిపించలేకపోయారు. ఇలాంటి వేషంలోనే దాడి జరగొచ్చని పంజాబ్ పోలీసు వర్గాలు ముందే హెచ్చరించాయని అక్కడి పత్రికలు రాశాయి. దేశం మొత్తాన్ని శాసించే కార్యాలయం ఒక ప్రాంతీయ పోలీసు కాగితాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. పెషావర్ సైనిక పాఠశాలలో 2014 డిసెంబర్‌లో పిల్లల ఊచకోత జరిగాక, పాకిస్థాన్ 2015 జనవరిలో 21వ రాజ్యాంగ సవరణ చేసి ఉగ్రవాద కేసుల్లో పౌరులనూ సైనిక కోర్టుల ముందు నిలబెట్టింది. దాడి చేసినవాడిని పట్టుకోవడం, తీర్పు చెప్పడం రెండూ ఒకే గోడల మధ్యకు చేరాయి.

సూరత్ కోర్టు మెట్లు

భారత్ ఆ దారిలో వెళ్లలేదు. అలాగని ఇక్కడి దారి నున్నగానూ లేదు. సూరత్‌కు సంబంధించిన మూడు కేసులు చూస్తే చాలు.

మొదటిది 1993 నాటిది. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాతి నెలల్లో వరాఛా రోడ్డులోనూ, సూరత్ రైల్వే స్టేషన్లోనూ పేలుళ్లు జరిగాయి. వరాఛాలో ఒక బడి పిల్ల చనిపోయింది. 2008లో టాడా కోర్టు నిందితులకు దీర్ఘకాల శిక్షలు వేసింది. 2014 జులైలో సుప్రీంకోర్టు 11 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. కారణం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. టాడా కింద కేసు నమోదు చేయడానికి ముందు జిల్లా పోలీసు అధికారి ఆమోదం ఉండాలని ఆ చట్టంలోని 20ఎ(1) సెక్షన్ చెబుతుంది. పోలీసులు అంతకంటే పైవాళ్లయిన రాష్ట్ర హోంశాఖ అనుమతి తెచ్చుకున్నారు. పైనుంచి వచ్చింది కదా, ఇంకేం కావాలని అనుకున్నట్టున్నారు. చట్టం ఫలానా అధికారి బుర్ర పెట్టి ఆలోచించాలని చెప్పినప్పుడు ఎంత పెద్ద కార్యాలయం ఆమోదమైనా దానికి బదులు కాదని కోర్టు తేల్చింది. టాడా కింద తీసుకున్న నేరాంగీకార వాంగ్మూలాలు దాంతో నిలవలేదు. ఆ పిల్లను చంపింది ఎవరన్న ప్రశ్నకు ఇరవయ్యేళ్ల తర్వాత కోర్టులో జవాబు లేకుండా పోయింది.

రెండోది 2001 డిసెంబర్‌ది. సూరత్‌లో ఒక హాలులో సమావేశమైన 127 మందిని నిషేధిత సిమి సభ్యులని అరెస్టు చేశారు. 2021 మార్చిలో సూరత్ కోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. వాళ్లు సిమి సభ్యులని నిరూపించే నమ్మదగిన ఆధారమే లేదంది. ఈలోపు అయిదుగురు చనిపోయారు. పేలుడు లేదు, ఆయుధం లేదు, జీవితంలో సుమారు ఇరవయ్యేళ్లు మాత్రం పోయాయి.

మూడోది 2008 బాంబుల కేసు. అహ్మదాబాద్‌లో 20, సూరత్‌లో 15 ఎఫ్‌ఐఆర్‌లు నమోదయ్యాయి. కుట్ర ఒకటేనని అన్నిటినీ కలిపి ప్రత్యేక కోర్టు విచారించింది. పేలని బాంబులకూ ఇక్కడ ఒక విలువ ఉంది. పేలినది ముక్కలై మాయమవుతుంది. పేలనిది ఎవరు, ఏ వస్తువులతో, ఎలా చేశారో మొత్తం చెబుతుంది. అహ్మదాబాద్ క్రైమ్ బ్రాంచ్ మూడు వారాల్లోపే ఆగస్టు మధ్యలో తొలి అరెస్టులు ప్రకటించింది. దాడులు చేసింది ఇండియన్ ముజాహిదీన్ అని చెప్పింది. విచారణ 2009 డిసెంబర్‌లో మొదలైంది. 1,163 మంది సాక్షులను ప్రశ్నించారు. నిందితుల్లో ఒకరు అప్రూవర్‌గా మారారు. మధ్యలో 2013లో సబర్మతి జైలు లోపల నిందితులు తవ్విన సొరంగం బయటపడింది. జైలు గోడ లోపలి వ్యవహారం కూడా భద్రతే కదా, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 2022 ఫిబ్రవరి 8న 49 మందిని దోషులుగా, 28 మందిని నిర్దోషులుగా తేల్చారు. ఫిబ్రవరి 18న 38 మందికి మరణశిక్ష, 11 మందికి జీవితఖైదు పడ్డాయి. తీర్పు ఏడు వేల పేజీలు దాటింది. మరణశిక్షలు అమలు కావాలంటే హైకోర్టు ధ్రువీకరించాలి.

ఈ మూడు కేసుల్లో ఎక్కడా సైనిక ప్రధాన కార్యాలయం లేదు. న్యాయం దొరికినా, చేజారినా అది పోలీసు డైరీ దగ్గరే జరిగింది.

తెలుగువాళ్ల ఇళ్ల దగ్గర

సూరత్ తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. లింబాయత్ వైపు తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడిపింది. మగ్గం ఆగితే ఆ రోజు కూలి ఉండదు కాబట్టి, 2008 జులై చివరి వారం వాళ్లకు భయంతో పాటు పస్తుల లెక్క కూడా.

ఇక్కడ మిగిలినవాళ్లకూ అలాంటి అనుభవం ఏడాది ముందే ఎదురైంది. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 42 మంది చనిపోయారు. దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన కింద పెట్టిన మూడో బాంబు పేలకముందే దొరికింది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి ఆక్టోపస్‌ను ఏర్పాటు చేసింది. నక్సల్స్ కోసం 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ అనుభవం దానికి ఆసరా. ఇది సైన్యం వంక చూడకుండా రాష్ట్ర పోలీసే నిర్మించుకున్న బలం. అయినా 2013 ఫిబ్రవరి 21న అదే దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి 18 మంది చనిపోయారు. కమాండోలు ఉండడం వేరు, ముందే పసిగట్టడం వేరు. ఆ కేసులో ఎన్‌ఐఏ కోర్టు 2016 డిసెంబర్‌లో అయిదుగురికి వేసిన మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న సమర్థించింది. మక్కా మసీదు పేలుడు కేసులో మాత్రం నిందితులంతా 2018లో నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆపరేషన్ సిందూర్ మొదలైన 2025 మే 7నే దేశమంతటా ఆపరేషన్ అభ్యాస్ పేరుతో పౌర రక్షణ కసరత్తు జరిగింది. హైదరాబాద్, విశాఖపట్నంలోనూ సైరన్లు మోగాయి. ముప్పును బట్టి కేంద్ర హోంశాఖ చేసిన జాబితాలో సూరత్‌ది మొదటి వర్గం. దగ్గర్లోని కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం కూడా అందులోనే ఉంది. 1968 నాటి పౌర రక్షణ చట్టం కింద జిల్లాలో ఆ ఏర్పాట్లకు కంట్రోలర్‌గా ఉండేది జిల్లా మేజిస్ట్రేటు. ఆయన చేతి కింద ఉండేవాళ్లు హోంగార్డులు, అగ్నిమాపక సిబ్బంది, పేరు నమోదు చేసుకున్న వాలంటీర్లు.